ఇప్పల లోయలో రేచుకుక్కల కాపలా

రెండు కొండల మధ్య ఇప్పచెట్లు దట్టంగా పెరిగిన లోయ ఒకటుంది. అందులో అడవి గేదెల మందలు రెండు కాపురముండేవి. జాతి ఒకటే, నలుపు ఒకటే, కొమ్ముల వంపు కూడా ఒకటే. అయినా ఒక మందని గట్టువారనీ, రెండో మందని మడుగువారనీ పిలిచేవారు.

సంగతేమిటంటే, ఎన్నో తరాల కిందట ఈ రెండు మందలకీ మూలమైన ఆదితల్లి ఒకనాడు ఉన్నట్టుండి కనబడకుండా పోయింది. కొండెక్కి దేవతల్లో కలిసిందని కొందరన్నారు. మడుగులో దిగి గంగలో కలిసిందని మిగతావాళ్ళన్నారు. మొదటివాళ్ళు మేతకి ముందు కొండకేసి తల వంచుతారు, రెండోవాళ్ళు నీళ్ళకేసి వంచుతారు. తేడా అల్లా అంతే. మాట పట్టింపులుండేవి, అలకలుండేవి, అయినా పిల్లనిచ్చి పుచ్చుకోవడం ఆగలేదు.

చిరుత ఈ లోయని పట్టుకున్నాక ఆ కాస్త తేడా పెద్దదైపోయింది. చిరుత మడుగువారిని చేరదీసి, గట్టువారి దూడల్ని తినేది. మడుగువారు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. వాళ్ళలో ఒకే ఒక్క దున్న ‘ఇది అన్యాయం’ అని నోరు విప్పాడు. మర్నాడు అతని కొమ్ములు మాత్రం పొదల్లో దొరికాయి. అతని భార్య పేరు చుక్కమ్మ. నుదుటి మీద తెల్లటి చుక్క ఉండేది. పుట్టింది గట్టువారింట్లో, మెట్టింది మడుగువారింట్లో.

అలాంటి రోజుల్లో మెత్తయ్య అనే నక్క కనుమ దాటి వెళ్ళి రేచుకుక్కల్ని వెంటబెట్టుకొచ్చింది. అవి ముప్పై దాకా ఉన్నాయి. ఎర్రటి ఒళ్ళు, నల్లటి తోకలు. అవి మొరగవు, ఈల వేసి మాట్లాడుకుంటాయి. వాటి నాయకుణ్ణి అందరూ ఎర్రదొర అనేవారు.

“చిరుత పీడ వదిలించి మా దారిన మేం పోతాం,” అన్నాడు ఎర్రదొర.

మూడు రోజుల్లో చిరుతని తరిమేశారు. గట్టువారు ఆనందంతో గంతులేశారు. నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి. రేచుకుక్కలు మాత్రం మడుగు పక్కనున్న బండల మీద నుంచి కదల్లేదు.

“దొరవారు ఇప్పుడే వెళ్ళిపోతే మీలో మీరు పొడుచుకు చస్తారు. మీకు సఖ్యత కుదిరేదాకా కాపలా ఉంటారట,” అని చాటింది నక్క. “కయ్యం పెట్టుకున్న మంద ఒక దూడని జరిమానాగా ఇచ్చుకోవాలి. ఎవరు పెట్టుకున్నారో మీరే వచ్చి నాతో చెప్పండి. నేను దొరవారికి విన్నవిస్తాను.”

ఆ రోజు నుంచి రెండు మందలూ ఒకరి మీద ఒకరు చాడీలు మోయడం మొదలెట్టాయి. నీటి పెత్తనం ఒక పున్నమికి గట్టువారి చేతిలో ఉంటే, మరో పున్నమికి మడుగువారి చేతిలో ఉండేది. అదెప్పుడు ఎందుకు మారుతుందో ఎర్రదొరకే తెలియాలి. పైకొండలో ఉండే ఎలుగు “మనందరం కొండ బిడ్డలం, మీకు నేనున్నాను” అని గట్టువారికి కబురంపేది. కింద ఏటి రేవులో ఉండే మొసలి “మనందరం నీటి బిడ్డలం, మీ వెనక నేనున్నాను” అని మడుగువారికి కబురంపేది. లోయలో రాలిన ఇప్పపూలన్నీ ఎలుగు తినిపోతున్నా రేచుకుక్కలు అడ్డు చెప్పేవి కావు. రేవులో దిగిన దుప్పుల్ని మొసలి లాక్కుపోతున్నా చెప్పేవి కావు. ఎందుకు చెప్పవో అడగాలని ఏ మందకీ తోచలేదు.

ఆ వేసవిలో వాగులన్నీ ఎండిపోయాయి. మొసలి ఉన్న ఏటిని వదిలేస్తే, లోయ మొత్తానికి మడుగొక్కటే మిగిలింది.

ఒకనాటి మధ్యాహ్నం మడుగువారి పెద్ద తుంగన్న తన వాళ్ళని చెట్టు నీడకి పిలిచాడు. వయసు మళ్ళినా నిటారుగా నిలబడే దున్న. చుక్కమ్మకి బావగారు.

“మెత్తయ్య ఇందాక వచ్చి రహస్యం చెప్పి వెళ్ళాడు,” అన్నాడు గొంతు తగ్గించి. “ఎల్లుండి ఎండ నడినెత్తికొచ్చే వేళ గట్టువారు మన మీద పడతారట. పైనుంచి ఎలుగు కూడా దిగుతుందట. మనమే ముందు పడితే దొరవారు కళ్ళు మూసుకుంటారట. ‘మొదటి దెబ్బ మీదైతే నీళ్ళు మీవి’ అని ఎర్రదొర నోటి మాటగా చెప్పాడు.”

కుర్ర దున్నలు నేల గీరాయి. “ఇంకెందుకు ఆలోచన! మొసలి కూడా రేవు దగ్గర కాస్తానంది. పారిపోయేవాళ్ళని అది చూసుకుంటుంది,” అంది ఒకటి.

చుక్కమ్మ గట్టుకేసి చూసింది. గట్టువారి పెద్ద దిబ్బన్న ఆమెకి సొంత అన్న. అన్నతో మాటలు పోయి మూడు నెలలైంది. చలికాలం చివర, మడుగువారు కొండదారిలో ఉన్న గట్టువారి మొక్కుబండని తొక్కారని అతను నక్కకి ఫిర్యాదు చేశాడు. అదే రోజు రేచుకుక్కలు వచ్చి చుక్కమ్మ దూడని తీసుకుపోయాయి. చనిపోయిన మొగుడికి ఆఖరి గుర్తు ఆ దూడ. పుట్టి నలభై రోజులైనా కాలేదు.

పడతారంటే పడనీ, పోతే పోనీ అనుకుంది ముందు. తర్వాత అన్న మందలో ఆ నెలలోనే పుట్టిన దూడలు కళ్ళ ముందు మెదిలాయి. వాటిని తలుచుకుంటే పడుకోబుద్ధి కాలేదు.

మర్నాడు తెల్లవారగానే మేతకి వెళ్తున్నట్టు బయల్దేరి గట్టు కిందికి చేరింది. దిబ్బన్న రాళ్ళ మధ్య ఒంటరిగా నిలబడి ఉన్నాడు. చెల్లెల్ని చూసి ఒకడుగు ముందుకేసి ఆగిపోయాడు.

“చుక్కమ్మా! నువ్వా?”

“చుట్టరికానికి రాలేదన్నా. ఒక్క మాట అడిగి పోదామని వచ్చాను. రేపు మధ్యాహ్నం మా మీద పడుతున్నారా?”

దిబ్బన్న మొహం బిగుసుకుంది. “మీ బావగారు పంపాడా నిన్ను?”

“నేనొచ్చినట్టు ఆయనకి తెలీదు. తెలిస్తే నన్ను మందలో ఉండనివ్వడు. చెప్పు.”

“మేం పడటమేమిటి? మీరే పడుతున్నారుగా! మెత్తయ్య నిన్న వచ్చి చెప్పాడు. రేపు నడిమధ్యాహ్నం మడుగువారు వస్తారు, రేవు నుంచి మొసలి కూడా వస్తుంది, మొదటి దెబ్బ మీదైతే…”

“నీళ్ళు మీవి,” అంది చుక్కమ్మ.

దిబ్బన్న ఒకడుగు దగ్గరికొచ్చాడు.

“ఆ మాట నీకెలా తెలుసు?”

“మా బావగారితో కూడా అదే మాట అన్నాడు కనక. ఒక్క అక్షరం కూడా మార్చలేదు. మనం ఎలాగూ మాట్లాడుకోమని వాడి ధీమా.”

దిబ్బన్న బండల మీద వరసగా కూర్చున్న ఎర్రటి ఒళ్ళకేసి చూశాడు. “మనం పొడుచుకుని పడిపోయాక దిగుతారన్నమాట. పదేసి దూడలు, కాళ్ళు విరిగిన దున్నలు… వేసవంతా వాళ్ళకి తిండికి లోటుండదు.”

“అవును.”

“రేపు మేం కదలం. నువ్వు వెళ్ళి మీవాళ్ళని ఆపు.”

“రేపు కదలకపోతే ఎల్లుండి ఇంకో అబద్ధం చెబుతాడు. అప్పుడు ఎవరో ఒకరు కదులుతారు. అన్నా, వాళ్ళు ముప్పై మంది. మనం రెండు మందలూ కలిస్తే నూటికి పైగా ఉంటాం. దూడల్ని మధ్యలో పెట్టి, చుట్టూ కొమ్ములు బయటికి పెట్టి నిలబడితే ఏ రేచుకుక్క దగ్గరికొస్తుంది? చిన్నప్పుడు నువ్వే నేర్పావు నాకు.”

“అప్పుడు ఒకే మందగా నిలబడ్డాం. ఇప్పుడు అలా నిలబడాలంటే మడుగువారికి మా వీపు చూపించాలి. వెనక నుంచి పొడవరని నమ్మకమేమిటి?”

“వాళ్ళూ ఇదే అడుగుతారు.”

దిబ్బన్న తల ఎత్తలేదు. “చెల్లీ, నీ దూడ విషయం… ముసలి దున్ననో గొడ్డుగేదెనో తీసుకుపోతారనుకున్నాను. నీ దూడని పట్టుకెళ్తారని…”

“దూడ అని చాటించి చెప్పారు కదన్నా. ఎవరిదో ఒకరి దూడ పోతుందని నీకు తెలుసు. నాది కాదులే అనుకున్నావు, అంతే.” ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. “ఆ సంగతి ఇప్పుడొద్దు. రేపు వస్తావా, రావా?”

“వస్తాను. పోట్లాటకే వస్తున్నట్టు ఎదురెదురుగా వచ్చి ఆగుదాం. నేను రంకె వేయగానే అందరూ తిరగాలని చెప్పు.”

తిరిగి వస్తుంటే దారిలో పొద పక్క నుంచి మెత్తయ్య ఎదురొచ్చింది. తోక ఊపుతూ దారికి అడ్డంగా నిలబడింది.

“ఏమమ్మా చుక్కమ్మా, పుట్టింటివైపు నుంచి వస్తున్నట్టున్నావు?”

చుక్కమ్మ కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి. వాటిని దాచే ప్రయత్నం చేయలేదు.

“నా దూడని తినిపించినవాడి మొహాన ఉమ్మేసి వస్తున్నాను. నీకేమైనా అభ్యంతరమా?”

నక్క ఆ తడి కళ్ళని చూసింది. దాని మూతి మీద నవ్వు మెల్లగా పాకింది. “అయ్యో, నాకెందుకమ్మా అభ్యంతరం! కడుపుకోత తల్లికి కదా తెలిసేది. వెళ్ళిరా, వెళ్ళిరా,” అంటూ దారిచ్చింది. మూడు అంగల్లో బండలెక్కి ఎర్రదొరతో ఏదో చెప్పింది. పైనుంచి సంతోషంగా ఈల వినిపించింది.

తుంగన్నని ఒప్పించడం అంతకంటే కష్టమైంది. సాయంత్రం దాకా చెప్పినా అతని అనుమానం తీరలేదు.

“నీ అన్న మాట నువ్వు నమ్ముతావు. నేనెందుకు నమ్మాలి? చిరుత రోజుల్లో మేం నోరు మూసుకున్నామని వాళ్ళకి కడుపులో మంట. అది ఇవాళ్టిదా?”

“నోరు మూసుకున్న మాట నిజమే కదా బావగారూ. మీ తమ్ముడు మూసుకోలేదు. ఆయన పోయిన రోజున మీరు ఏడ్చారు గానీ మాట్లాడలేదు.”

ఆ మాట తుంగన్నకి సూటిగా తగిలింది. కోపంతో ముక్కుపుటాలు అదిరాయి. చుట్టూ ఉన్నవాళ్ళు వెనక్కి జరిగారు. కాసేపటికి అతనే నిట్టూర్చాడు.

“రేపు వాళ్ళు మోసం చేస్తే?”

“నేను ముందు వరసలో ఉంటాను. మొదటి పోటు నాకే తగులుతుంది. అప్పుడు మీ ఇష్టం.”

మూడో రోజు ఎండ నడినెత్తికొచ్చింది. మడుగు పక్కనున్న ఎండిన బురదనేల మీదకి అటు నుంచి గట్టువారు, ఇటు నుంచి మడుగువారు పరుగెత్తుకొచ్చారు. నేల అదిరింది. దుమ్ము ఇప్పచెట్ల కొసలదాకా లేచింది. బండల మీద రేచుకుక్కలు లేచి నిలబడ్డాయి. ఎర్రదొర ఈల వేయగానే రెండు బారులుగా చీలి, చప్పుడు లేకుండా రెండు పక్కల నుంచి దిగడం మొదలెట్టాయి. నక్క బండ మీదే కూర్చుని మూతి నాక్కుంటోంది.

రెండు మందలూ బారెడు దూరంలో ఎదురెదురుగా ఆగిపోయాయి.

దిబ్బన్న రంకె వేశాడు. ఎవరూ తిరగలేదు.

అందరికీ తిరగాలని తెలుసు. కానీ ప్రతివాడి కళ్ళ ముందూ అవతలివాడి కొమ్ములున్నాయి. పొడుస్తారా, పొడవరా? తిరిగాక చూసుకోవడానికి వీపుకి కళ్ళుండవు. దిబ్బన్న తుంగన్నని చూస్తున్నాడు, తుంగన్న దిబ్బన్నని చూస్తున్నాడు. ఎర్రటి బారులు యాభై అడుగుల దూరానికి వచ్చేశాయి. తల్లుల కాళ్ళ మధ్య దూడలు వణుకుతున్నాయి.

చుక్కమ్మ వరసలోంచి ఒకడుగు ముందుకొచ్చింది. సరిగ్గా అన్న కొమ్ముల ముందు నిలబడి ఆగింది. మెల్లగా వెనక్కి తిరిగి, అతనికి వీపు చూపించి నిలబడింది. దూడని పోగొట్టుకున్న తల్లి, దాన్ని పోగొట్టినవాడి కొమ్ములకి ఎదురుగా తన వెన్నుపూస పెట్టింది.

దిబ్బన్న మరుక్షణం తనూ తిరిగాడు. “తిరగండి!” అని అరిచాడు. దూడల్ని మధ్యలోకి తోసి గట్టువారంతా ఒక్క ఊపున తిరిగారు. మడుగువారిలో సగం మంది తిరిగారు. మిగతా సగం తమ పెద్దకేసి చూశారు. తుంగన్న అప్పటికీ కదలలేదు. కళ్ళెదుట గట్టువారి వీపులన్నీ వరసగా కనబడ్డాక గానీ అతను తిరగలేదు. అతను తిరిగాక మిగతావాళ్ళు తిరిగారు.

ఆ ఆలస్యం రెప్పపాటు కంటే ఎక్కువుండదు. ఆ కాస్తలోనే వలయంలో ఒక చోట సందు పడింది. ఎర్రదొర దాన్ని కనిపెట్టి, నలుగురిని వెంటేసుకుని దూడల మీదకి దూకాడు. దిబ్బన్న తన చోటు వదిలి ఆ సందుకి అడ్డం పడ్డాడు. ఒకణ్ణి కొమ్ముతో ఎగరేశాడు, ఇంకొకణ్ణి తొక్కేశాడు. మిగతావి అతని పొట్టని పట్టుకుని వేలాడాయి. ఇటునుంచి తుంగన్న వచ్చి ఎర్రదొర డొక్కలో కుమ్మాడు. పక్కటెముకలు విరిగిన చప్పుడు వినబడింది. దాంతో వలయం మూసుకుంది.

ఆ తర్వాత రేచుకుక్కలు చుట్టూ తిరిగి తిరిగి అలిసిపోయాయి. ఎటు వచ్చినా కొమ్ములే. పదకొండు చచ్చాక మిగతావి తోకలు ముడిచి ఏటి రేవుకి పరుగెత్తాయి. అక్కడ మొసలి కాచుకుని ఉంది. నీళ్ళలో దిగింది ఎవరని అది చూడలేదు, రెండింటిని లాక్కుపోయింది. బతికినవి కనుమ దాటి పోయాయి. పోయేటప్పుడు ఈల వేయలేదు. సాయానికి దిగుతానన్న ఎలుగు ఆ రోజంతా కొండ మీద నుంచి దిగనే లేదు.

దిబ్బన్నని మడుగు ఒడ్డున పడుకోబెట్టారు. చుక్కమ్మ అతని పక్కన కూర్చుంది.

“చెల్లీ,” అన్నాడు, “దూడ విషయంలో నన్ను…”

“అడక్కన్నా. ఆ మాట అనడం నా వల్ల కాదు. నువ్వు వెళ్ళేదాకా ఇక్కడే ఉంటాను.”

ఆమె అతని గాయాల మీద వాలే ఈగల్ని తోకతో తోలుతూ కూర్చుంది. పొద్దు కొండ చాటుకి వెళ్ళే వేళకి దిబ్బన్న కన్ను మూశాడు.

మూడు రోజులు గడిచాయి. గట్టువారికి దిబ్బన్న కొడుకు బండెన్న పెద్దయ్యాడు. తండ్రి పోయిన చోటే పగలంతా నిలబడి ఉండేవాడు. ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఆ రోజు పొద్దున్న రెండు మందలూ నీళ్ళకి దిగుతున్నప్పుడు మెత్తయ్య బెదురు చూపులు చూస్తూ పొదల్లోంచి అతని దగ్గరికొచ్చింది.

“చిన్నయ్యా, నీ దుఃఖం చూస్తుంటే నా కడుపు తరుక్కుపోతోంది. పైకొండ ఎలుగుపెద్ద నీకొక కబురంపారు. కొంచెం చెవి ఇటు వంచు.”

బండెన్న తల వంచబోయాడు. ఆ వలయంలో సందు ఎక్కడ పడిందో, ఎవరు ఆలస్యంగా తిరిగితే పడిందో అతను కళ్ళారా చూశాడు. మూడు రోజులుగా అదే అతని గుండెల్లో మండుతోంది. నక్క చెప్పబోయేదేమిటో అతనికి ముందే తెలుసు. దాన్ని ఎవరైనా చెబితే వినాలనే ఉంది. అవతల మడుగువారి దూడలు నీళ్ళలో మూతులు పెట్టి తాగుతున్నాయి.

అతను తల ఎత్తాడు. “అత్తా!” అని గట్టిగా కేకేశాడు. “అందరూ ఇలా రండి. నక్క ఏదో చెప్పాలట.”

“అబ్బెబ్బే, ఇది అందరి ముందూ చెప్పే మాట కాదు చిన్నయ్యా!” నక్క వెనక్కి జరిగింది. అప్పటికే చుట్టూ రెండు మందలూ మూగాయి. వెళ్ళడానికి దారి లేదు.

“చెప్పు మెత్తయ్యా,” అంది చుక్కమ్మ. “ఎలుగు ఏమంది?”

నక్క గుటకలు మింగింది. “ఆఁ… అదే… ఇప్పపూలు ఈ ఏడు బాగా పూశాయని…”

“నేను చెబుతాను,” అన్నాడు బండెన్న. “మా నాన్న మడుగువారి వల్లే పోయాడని చెప్పడానికొచ్చాడు వీడు. పగ తీర్చుకో, వెనక ఎలుగుంది అని చెప్పడానికొచ్చాడు. అందులో మొదటి ముక్క నిజం. మీరు ఆలస్యంగా తిరిగారు. నేను చూశాను.”

కుర్ర దున్నలు ఒకరి కొమ్ములొకరు చూసుకున్నాయి. మడుగువారిలో ఎవరో “అదేం మాట!” అని గొణిగారు. తుంగన్న వాళ్ళని పక్కకి నెట్టి ముందుకొచ్చాడు.

“నిజమే,” అన్నాడు. “మావాళ్ళది తప్పు కాదు. వాళ్ళు నన్ను చూసి ఆగారు. నేను చివర తిరిగాను. మీ నాన్న నాకు వీపు చూపించాడు, నేను మాత్రం లెక్కలు వేసుకుంటూ నిలబడ్డాను. అందుకే ఆయన పోయాడు. బాబూ, ఈ మాట నేనే వచ్చి నీతో అనాల్సింది. మూడు రోజులుగా నోరు రాలేదు.”

బండెన్న అతన్ని రెప్ప వేయకుండా చూశాడు. అతని మెడ కొంచెం సడలింది. పక్కకి జరిగి, నీళ్ళ ఒడ్డున తుంగన్నకి చోటిచ్చాడు.

నక్క చెవులు వేలాడేసి అటూ ఇటూ చూసింది. చెబుదామని తెచ్చిన మాటని వాళ్ళే చెప్పేసుకున్నారు. ఇంక దాని నోట్లో ఏమీ మిగల్లేదు. గేదెల కాళ్ళ మధ్య నుంచి దూరి కొండకేసి పరుగెత్తింది. ఉత్త చేతులతో వచ్చావేమని ఎలుగు కసిరి కొట్టింది. అక్కడి నుంచి రేవుకి దిగింది. నీళ్ళలో రెండు కళ్ళు తేలుతూ కనబడేసరికి అక్కడా ఆగకుండా కనుమవైపు పోయింది.

చాటుగా వింటే పగగా మారే నిజాన్ని పదిమందిలో ఒప్పుకుంటే, దాన్ని మోసుకు తిరిగేవాడికి ఆ లోయలో పని ఉండదు.